మావయ్య ఎలుకలు, మన డిపాజిట్లు

ముప్పై ఏళ్లకు పైగా ఎలుకలతోనూ పావురాలతోనూ కాలక్షేపం చేసిన మా మావయ్య రిటైరై కోనసీమకు తిరిగొచ్చాడు. ఆయనది తులనాత్మక మనోవిజ్ఞానం. జంతువులు ఎలా నేర్చుకుంటాయో, ఏ ప్రాణి బుద్ధి ఏపాటిదో పక్కపక్కన పెట్టి తూచే శాస్త్రం. ఊళ్లో మాత్రం మొదటి వారంలోనే ‘ఎలకల డాక్టరు గారు’ అయిపోయాడు. ఒకాయన కాలు విరిగిన పిల్లిని గోనెసంచిలో పెట్టి పట్టుకొచ్చాడు.

“నేను మందివ్వనండీ. వాటి మనసు చూస్తాను, అంతే” అన్నాడు మావయ్య.

“ఆయ్, మనసు శుభ్రంగా ఉందండి. కాలే తేడా చేసింది” అని ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

టీ కొట్టు దగ్గర విచారణ ఇంకా సూటిగా సాగింది. ఎలుక మీట నొక్కితే గింజ పడుతుంది, అది ఎన్నిసార్లు నొక్కిందో ఈయన రాసుకుంటాడు, దానికి నెలనెలా జీతం, పైగా పింఛను. ఈ లెక్క ఎవరికీ మింగుడు పడలేదు. నాకూ పడలేదు. ఒక బాధ్యత గల పౌరుడిగా ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. ఆ శాస్త్రంలో ఉన్న సరుకంతా రావులపాలెం వంతెన దాటకుండానే దొరికేది. ప్రయాణ ఖర్చులైనా మిగిలేవి.

ఉదాహరణకి బెర్లిన్ గుర్రం. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే మాస్టారికి హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దలంతా కమిటీగా కూర్చుని చూసి, ఇందులో మోసమేమీ లేదని తేల్చారు. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు అసలు సంగతి బయటపెట్టాడు. తట్లు సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, గుర్రం ఆపేసేది. జవాబు తెలియనివాడు అడిగితే గుర్రానికీ తెలియదు.

ఇంత చిన్న సంగతికి అన్నేళ్లా! సంక్రాంతి నెలలో మా వీధిలోకి గంగిరెద్దు వస్తుంది. “అయ్యగారు మారాజవుతారా బసవన్నా?” అంటే తలూపుతుంది. ముక్కుతాడు ఎవరి చేతిలో ఉందో అందరికీ కనబడుతూనే ఉంటుంది, వాడూ దాచడు. అయినా మా అత్తయ్య చేటడు బియ్యం పోస్తుంది, నేను పాత చొక్కా ఇస్తాను. మేం కమిటీ వెయ్యలేదు. సామెత చేసుకుని ఊరుకున్నాం.

మావయ్యకు పట్టుదల ఎక్కువ. జంతువుల బుద్ధిని పరిశీలించిన లాయిడ్ మోర్గన్ 1894లో పెట్టిన నియమం ఒకటుంది. కింది మెట్టు బుద్ధితో జరిగిపోయే పనికి పై మెట్టు బుద్ధిని అంటగట్టకూడదు. ఈ నియమాన్ని చేతపట్టుకుని ఆయన మా కాలవ నీటి సంఘం సమావేశానికి వెళ్లాడు. తీర్మానం చదివారు. అధ్యక్షులవారు ముందు వరసలో కూర్చున్న కాంట్రాక్టరు వంక చూశారు, ఆయన గడ్డం గోక్కున్నాడు, సభ్యులంతా ఒక్కసారి తలలూపారు. మావయ్య నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాడు: ‘ఆలోచన జరిగిందనడానికి ఆధారం దొరకలేదు. కింది మెట్టు సరిపోయింది.’

కోడిపందేల సంగతి ఎక్కువ చెప్పను, చుట్టాలు బాధపడతారు. 1948లో స్కిన్నర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాని ఆకలితో ఉన్న పావురాల పెట్టెల్లో 15 సెకన్లకోసారి గింజలు పడేలా పెట్టాడు. పక్షి ఏం చేసినా, చెయ్యకపోయినా అవి పడతాయి. 8 పావురాల్లో 6 మాత్రం తమ చేష్ట వల్లే గింజలు పడుతున్నాయన్నట్టు ప్రవర్తించడం మొదలుపెట్టాయి. ఒకటి ఎడమ పక్కకు గిరగిరా తిరిగింది, ఇంకొకటి పెట్టె పైమూలలోకి తల పొడిచింది. మా పెద్దలు ఏ వారం ఏ దిక్కు నుంచి ఏ రంగు పుంజుని బరిలోకి దింపాలో కుక్కుట శాస్త్రం తిరగేసి చెబుతారు. డేగ రంగు పుంజు ఓడితే శాస్త్రం తప్పు కాదు, గడియ దాటింది. పావురాలకు ఈ సౌకర్యం లేదు, వాటికి పుస్తకం లేదు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా పెడితే ప్రాణి మరీ విడవకుండా మీట నొక్కుతుందని కూడా స్కిన్నరే చూపించాడు. ఎకరం అమ్మి పందెం కాసినవాడికి ఇది చెప్పి చూడండి. వచ్చే కనుమకి తెలుస్తుంది లెండి, అంటాడు.

ఇక గేదె. ఇక్కడ కాస్త ఆగాలి.

రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. అన్నం పెట్టకముందే, పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే ఆయన కుక్కలకు నోరూరేది. ఆ గొడవే తరవాత పెద్ద శాస్త్రమైంది. మావయ్య ఈ కథ ఎంతో గంభీరంగా చెబుతుంటే అత్తయ్య మధ్యలో అందుకుంది.

“దాందేవుందండీ. మన గేదెకి బిందె చప్పుడైతే చాలు, చేపేస్తుంది.”

మావయ్య పెన్ను మూత తీశాడు. గేదె పాలు పొదుగులో నీళ్లకుండలో నీళ్లలా నిలవుండవు. లోపలి సన్నటి గూళ్లలో పట్టి ఉంటాయి. దూడ మూతి తగిలితేనో, తవుడు తొట్టి చప్పుడైతేనో మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగి ఆ గూళ్లను పిండుతుంది. అదే చేపడం. కొత్త మనిషి పితకబోతే చేపదు. మావయ్య వెళితే అసలే చేపదు, ముప్పై ఏళ్ల అనుభవం దానికి లెక్కలేదు.

దూడ చచ్చిపోతే పాతరోజుల్లో దాని తోలులో ఎండుగడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవారు. అది వాసన చూసి, నాకి, చేపేది. మా తాతయ్య పాకలో నేను కళ్లారా చూశాను. దీని గురించి మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ గేదెని చూసి నేనూ నవ్వలేను, కారణం చెబుతాను.

మూడేళ్ల కిందట మా దగ్గరి పట్నంలో ఒక డిపాజిట్ల కంపెనీ తెరిచారు. పేరెందుకు, ఇప్పుడు అక్కడ మొబైల్ రిపేరు షాపు ఉంది. అద్దాల తలుపులు, ఏసీ, గోడమీద వెంకటేశ్వరస్వామి, టేబుల్ మీద ప్లాస్టిక్ పూలు, ‘సార్ కూర్చోండి’ అనే అమ్మాయి. నేను వాసన చూశాను. కొబ్బరికాయలు అమ్మిన డబ్బు తీసుకెళ్లి శుభ్రంగా చేపేశాను.

ఇప్పుడు ఎలుకల దగ్గరికి రావచ్చు. డెల్టాలో వరి పొట్టకొచ్చేసరికి అవీ వస్తాయి. వ్యవసాయ శాఖవారి ఎర లెక్క మా ఊళ్లో చిన్నపిల్లలకీ కంఠతా: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలిన్. ఇది మెల్లగా పనిచేసే మందు. తిన్న ఎలుకకి తిన్నదాని మీద అనుమానం రాకముందే పని పూర్తవుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అలా కాదు, వెంటనే పట్టుకుంటుంది. కొంచెమే తిని బతికి బయటపడిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. అందుకే ముందు రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి నమ్మకం కుదిర్చి, ఆ తరవాత మందు కలుపుతారు.

ఎలుకకి ఈ తెలివి ఉందని జాన్ గార్షియా 1966లో రుజువు చేశాడు. తిన్నాక గంట దాటి కడుపులో తిప్పినా సరే, ఎలుక నేరాన్ని ఆ రుచి మీదే వేస్తుంది. వెలుగు మీదా చప్పుడు మీదా వెయ్యదు. ఒక్కసారి చాలు, ఇంక ఆ రుచి జోలికి పోదు. పండితులు తొందరగా నమ్మలేదు, ఆయన వ్యాసాలు కొన్ని పత్రికలు తిప్పి పంపాయి. మా పాలేరుని అడిగినా సరిపోయేది.

నా కంపెనీ మొదటి మూడు నెలలూ ఒకటో తారీఖు ఉదయం పదింటికల్లా వడ్డీ వేసింది. మందు లేని నూకలు. నాలుగో నెల షట్టరు. వీధంతా కడుపు పట్టుకుని కూర్చున్నాం. ఇక్కడ మనిషికీ ఎలుకకీ తేడా వస్తుంది. మేం నేరాన్ని రుచి మీద వెయ్యలేదు. వాస్తు మీద వేశాం, మెట్లు దక్షిణానికి దిగాయట. ఏడాది తిరక్కుండా ఉత్తరం మెట్లతో ఇంకో కంపెనీ వచ్చింది. అందులోనూ కట్టాను. వివరాలు అడక్కండి.

ఈ శాస్త్రంలో నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. పేరులో తులన ఉంది, త్రాసులో మాత్రం ఒకే ప్రాణి. తోటివాళ్లంతా తెల్ల ఎలుక తప్ప మరొకటి చూడటం మానేశారని ఫ్రాంక్ బీచ్ 1950లోనే గోల పెట్టాడు. ఆయన వేరే జంతువుల్ని తెమ్మన్నాడు. నేను రెండో పళ్లెంలో మా వీధిని పెట్టమంటాను. ఈ మాటే మావయ్యతో అన్నాను.

“ఒరేయ్, పోలిక కుదరాలంటే రెండిట్లోనూ నేర్చుకునే గుణం కొంచెమైనా ఉండాలి కదరా” అన్నాడు.

నేను నొచ్చుకునేలోగా గేటు చప్పుడైంది. ఇన్‌షర్ట్ వేసుకున్న కుర్రాడొకడు క్యాలెండరూ కుంకుమభరిణె అరుగు మీద పెట్టాడు. నా వైపు చూడలేదు, నా దగ్గర ఏమీ లేదని వాడికి ముందే తెలిసినట్టుంది. రిటైరైన పెద్దలకి ప్రత్యేకమైన స్కీమండి, అర శాతం ఎక్కువండి అన్నాడు.

మావయ్య నోటుపుస్తకం తెరిచాడు. నాకు గర్వంగా అనిపించింది. ముప్పై ఏళ్ల విద్య ఇన్నాళ్లకి ఊరికి పనికొస్తోంది. కుర్రాడు చెప్పిందంతా వరసగా రాసుకున్నాడు, అంకెల కింద గీతలు గీశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెరట్లో అత్తయ్య బిందె దించినట్టుంది, పాకలో గేదె అరిచింది.

“వడ్డీ నెలనెలా వేస్తారా బాబూ, మూడు నెలలకోసారా?” అన్నాడు మావయ్య.