మంచినీటి పైపు మురుగు కాలువలో ఎందుకుంది?

ఈ రోజు పొద్దున కుళాయి వచ్చాక మొదటి రెండు బిందెలు పట్టి పారబోశాం. మా వీధిలో అందరూ అంతే. నల్లగా, కంపుతో వచ్చే ఆ నీళ్లు పారబోయడం ముఖం కడుక్కున్నంత మామూలైపోయింది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

వీధి చివర కల్వర్టు దగ్గర వంగి చూస్తే మురుగు కాలువ అడుగున మంచినీటి పైపు కనిపిస్తుంది. అతుకు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. నీళ్లు వదిలినప్పుడు అందులోంచి సన్నని ధార చిమ్ముతుంది. నీళ్లు వృథా అవుతున్నాయని అందరూ బాధపడతారు. నా భయమంతా ఆ ధార ఆగాక జరిగేదాని గురించి. మాకు నీళ్లు వచ్చేది రోజుకు ఒక గంట. మిగతా సమయమంతా పైపు ఖాళీ. నీళ్లు చిమ్మిన కన్నంలోంచే మురుగు లోపలికి దిగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లు ఆ మురుగును ఇంకా గట్టిగా లాగుతున్నారు. దయచేసి ఆ మోటార్లు తీసేయండి.

2018 మార్చిలో గుంటూరులో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా వేళ్లన్నీ తాగునీటి వైపే చూపించాయి. మన ఊరికి అంతవరకు రావాలా?

జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైంది. ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. మంచి లక్ష్యం, కాదనను. మా ఇంటికీ కొత్త కుళాయి బిగించి, దాన్ని తీసుకెళ్లి ఆ పాత పైపుకే కలిపారు. ఇంట్లోకి వచ్చిన నీళ్లలో చాలావరకు మళ్లీ మురుగుగా బయటికి పోవాల్సిందే కదా, కాలువ మాత్రం నా చిన్నప్పటిదే. అది వెళ్లి చెరువులో కలుస్తుంది. ట్యాంకుకు నీళ్లెక్కించే బోరు ఉన్నది ఆ చెరువు గట్టునే.

ఇంత జరుగుతున్నా గ్రామసభలో కుళాయి మాట ఎత్తేవాళ్లు లేరు. ఊళ్లో మాట చెల్లేవాళ్లంతా క్యాను నీళ్లకు మారిపోయారు. కుళాయి నీళ్లే తాగేది కూలికి పోయేవాళ్లు, అంగన్‌వాడీ పిల్లలు. ఆ పిల్లల తరఫున ఎవరు అడగాలి?

పైపును కాలువలోంచి తీసి ఎత్తున వేయాలి. చివరి ఇంటి కుళాయిలో క్రిముల్ని చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉందో లేదో వారం వారం చూసి, ఆ అంకె పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఆ పరీక్షకు కావలసింది ఒక చిన్న గాజు గొట్టం, కొన్ని మందు చుక్కలు. కోట్లు అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఏ వాల్వు ఎక్కడుందో మా వాటర్‌మ్యాన్ పెద్దాయనకు తప్ప ఎవరికీ తెలియదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు రెండు వాల్వులు దాని కిందికి పోయాయి. గడ్డపారతో తట్టి, మోత విని, "ఇక్కడ పగలగొట్టండి బాబూ" అంటాడు. ఊరి పైపులకు పటం లేదు, ఉన్నదంతా ఆయన తలలోనే. మోకాళ్లు సహకరించక ఈ మధ్య ట్యాంకు మెట్లు కూడా ఎక్కలేకపోతున్నాడు.

ఆదివారం పొద్దున ఆయనతో వీధులన్నీ తిరుగుతాను. ఆయన చూపించిన ప్రతిచోటా ఎర్రరంగు వేసి, కాగితం మీద గీస్తాను. పొడవు కొలిచే టేపు పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి. ఆరింటికల్లా రచ్చబండ దగ్గరికి రండి.