పిల్లంగోవిని ఎందుకు ఉరేసిన్రు?

మన సంఘం హాల్‌ల స్టేజీ పక్కకు అద్దాల బీరువా ఉంది గదా, అండ్ల పై అరల ఒక పిల్లంగోవి ఉంటది, మీరు చూసిన్రో లేదో. మహారాష్ట్రల సిరోంచ తాలూకా అంకీస దిక్కు గొర్లు కాసే కురుమలది, వాళ్లే మనకిచ్చిన్రు. దాన్ని రెండు చోట్ల రాగి తీగ చుట్టి చెక్కకు బిగించి, కింద "హాత్ లావూ నయే" అని మరాఠీల, దాని కింద చిన్నగ "ముట్టుకోరాదు" అని తెలుగుల కాగితం అంటించినం. ఆ రోజు టేపు పట్టుకొని నిలబడ్డది నేనే, కాబట్టి ఇండ్ల నాకూ వాటా ఉంది.

ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటే, మొన్న మా బిడ్డ ఫోన్ల ఒక వీడియో చూపెట్టింది. 2022 సెప్టెంబర్ల వాషింగ్టన్‌ల లిజ్జో అనే సింగర్ వేల మంది ముందట గాజు ఫ్లూట్ ఊదింది. అది 1813ల పారిస్‌ల క్లోద్ లోరాన్ అనేటాయన అమెరికా ప్రెసిడెంట్ జేమ్స్ మాడిసన్ కోసం చేసిందట, వెండి కట్టు మీద ఆయన పేరు కూడ చెక్కి ఉంది. మరుసటేడే బ్రిటిష్ సైన్యం వచ్చి వైట్ హౌస్ తగలబెట్టింది, అయినా గాజుది పగలకుండ ఇప్పటిదాక బతికిందంటే చూడుర్రి. చివరికి డేటన్ మిల్లర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చేతికొచ్చింది, ఆయనకు ఫ్లూట్లంటే పిచ్చి, 1941ల పోయేనాటికి దాదాపు 1,700 జమ చేసి అన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, అంటే అమెరికా ప్రభుత్వ పెద్ద లైబ్రరీకి, రాసిచ్చిండు.

అంత విలువైనదాన్ని కచేరీల ఎట్ల ఇస్తరు, ఆమె అట్ల నడుం ఊపుడేంది అని అక్కడ మస్తు లొల్లి అయ్యింది. నేనైతే లైబ్రరీ వాళ్ల దిక్కే. సెక్యూరిటీ తోటి తెచ్చిన్రు, ఆమె కొద్దిసేపు ఊదింది, మళ్ల భద్రంగ తీస్కపోయిన్రు, అంతే. ఆ కొద్దిసేపు లేకపోతే బల్లార్పూర్‌ల ఉన్న మా బిడ్డకు మాడిసన్ ఎవరో లోరాన్ ఎవరో ఏం తెలుస్తది.

మన కోశాధికారి అన్న ఏమంటడంటే "అది గాజు, మనది వెదురు, ఊదితే పలుగుతది". ఆ మాట నిజమే. ఏండ్ల తరబడి ఎండిన వెదురుల ఒక్కసారే ఊపిరి తేమ కొడితే లోపల ఉబ్బుతది, బయట ఉబ్బదు, చీలుతది. లోరాన్ అసలు గడియారాల పనోడు, కట్టె వాతావరణాన్ని బట్టి మారితే శ్రుతి నిలవదనే గదా గాజు పట్టుకొని 1806ల పేటెంట్ తీసుకున్నది. కానీ తమాషా ఏందంటే, ఆ లైబ్రరీల ఉన్న లోరాన్ ఫ్లూట్లను పరీక్ష చేస్తే చానా మట్టుకు పేరుకే క్రిస్టల్, అసలు సీసం కలిపిన క్రిస్టల్ గాజు కాదు, పొటాష్ గాజు అని తేలింది, అది తేమకు పాడైతది. మరి గాజుకే గట్లుంటే బీరువాల పెట్టి తాళమేసినంత మాత్రాన వెదురు బాగుంటదా?

పోయిన దసరాకు అంకీస నుంచి మా మామ వచ్చిండు, చిన్నప్పటి సంది గొర్ల వెంబడి తిరిగినోడు. బీరువా ముందల నిలబడి చానాసేపు చూసి "ఏంరా అల్లుడా, దీన్నెందుకు ఉరేసిన్రు?" అన్నడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలే. నూనె లేక ఎండిపోయింది, మూడో బొక్క కాడ సన్నగ చీలింది చూడు అని అద్దం మీద వేలు పెట్టి చూపెట్టిండు, నేను రోజూ చూసేటోణ్ని, నాకు గన్పించలే. కోడి ఈకకు ఇప్పనూనె అద్ది లోపల రాసి రాత్రంత ఉంచాల్నట, తెల్లారి కొంచెం ఊది ఆపాల్నట, మరుసటి రోజు ఇంకొంచెం. ఆయన సంచిల ఉన్న సొంత పిల్లంగోవికి చీలిన కాడ దారం చుట్టి మైనం పూసి ఉంది, బయట చాయ్ బండి కాడ కూసోని అదే ఊదిండు, ట్యూషన్ నుంచి వచ్చే పోరలు సైకిల్లు ఆపి నిలబడ్డరు.

మా సిరోంచ నుంచి ఇంద్రావతి దాటితే బస్తర్. అక్కడి మురియా గోండుల దగ్గర సులూర్ అని ఒక వెదురు ఫ్లూట్ ఉంటది, నోటితోటి ఊదుడే లేదు, చేత్తోటి గాలిల తిప్పితే చాలు మోగుతది. నారాయణ్‌పూర్ పండీరామ్ మండావికి 2025ల పద్మశ్రీ వచ్చింది, ఆయన అవి చేస్తడు. దాన్ని కూడ మేకుకు తగిలిస్తే చూసేటోనికి ఉత్త వెదురు గొట్టమే.

కమిటీకి నేను చెప్పేది పెద్దదేం కాదు. మామ లాంటి ఒకరిని పిలిపించి ఆ పిల్లంగోవి పొడుగు, బొక్కల దూరం కొలత తీపియ్యుర్రి, అదే కొలతకు రెండు కొత్తవి చేపియ్యుర్రి, ఎర్రగ కాల్చిన చువ్వతోటి బొక్కలు పెట్టుడు మన పోరలు కండ్లార చూడనీయుర్రి. పాతది నూనె తాగి మోగితే ఉగాది నాడు రెండు డ్యాన్స్ ఐటమ్‌ల నడుమ ఒక్క పది నిమిషాలు ఊదిపిద్దాం, మోగకపోతే కొత్తది ఊదిపిద్దాం, పాతది పక్కన పెట్టుకొని. బస్ కిరాయి నేను పెట్టుకుంట.

తాళం చెవి మాత్రం ముందుగాల్నే వెతికి పెట్టుర్రి. దసరా నాడు ముగ్గురి ఇండ్లకు ఫోన్ చేసినా దొరకలే, మామ అద్దం అవతల్నే చూసి పోయిండు.