మహారాజశ్రీ మూడు రాత్రులు, నాలుగు పగళ్లు గారికి

మహారాజశ్రీ మూడు రాత్రులు, నాలుగు పగళ్లు గారి సముఖమునకు, కాకినాడ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా ఆవిడ నడుము తప్ప ఇక్కడ అందరం క్షేమం.

మిమ్మల్ని మొదట చూసింది మా అబ్బాయి వాట్సాప్‌లో పంపిన టూర్ ప్యాకేజీ బొమ్మలో. నీలం నీళ్లు, నీళ్ల మీద తాటాకు గుడిసె, దాని కింద పసుపు అక్షరాల్లో మీరు. మా పెళ్లయి ముప్ఫై ఏళ్లయిందని వాడు డబ్బు కట్టేసి మరీ చెప్పాడు, మాల్దీవులని. మా ఆవిడ చూసి ఒకటే మాట అంది: "ఏమండీ, సముద్రమే అయితే మనకి ఉప్పాడ ఉంది కదా!" షేర్ ఆటోలో వెళ్లొచ్చే సముద్రానికి విలువేముందని అప్పుడు నవ్వాను.

నేను బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ని. రూపాయి తేడా వస్తే రాత్రి పదైనా ఇంటికి కదలని కాలం మాది. ఆ అలవాటు కొద్దీ మీ పద్దు కూడా సరిచూశాను. అందుకే ఈ ఉత్తరం.

గురువారం రాత్రి ఇంటి ముందు ఆటో ఎక్కాం. గౌతమి రైల్లో హైదరాబాద్, బస్సులో శంషాబాద్, విమానంలో బెంగళూరు, అక్కడ మూడు గంటల పడిగాపులు, ఇంకో విమానంలో మాల్దీవుల రాజధాని మాలే. దిగేసరికి వాళ్ల టైం సాయంత్రం నాలుగు దాటింది. ఆ ఎయిర్‌పోర్టే ఒక దీవి. బయటికొస్తే మనకి ఆటోస్టాండు ఉండే చోట వాళ్లకి సముద్రం, వరసగా పడవలు. "వచ్చేశామండీ" అని మా ఆవిడ చెప్పులు విప్పబోయింది.

బోర్డు పట్టుకున్న కుర్రాడు అప్పుడు చెప్పాడు, రిసార్టుకి తీసుకెళ్లే సీప్లేన్ రేపు పొద్దున అని. అది చూపు ఆనినంత మేరే ఎగురుతుందట, చీకటి పడితే నీళ్ల మీద దిగదట. న్యాయమే. కానీ ఈ ముక్క పసుపు అక్షరాల్లో లేదేం సార్? ఆ రాత్రి హుల్హుమాలేలో. 1997లో సముద్రంలో ఇసుక పోసి కట్టడం మొదలెట్టిన దీవి అది. మా గది కిటికీ తీస్తే ఎదురు అపార్టుమెంటు గోడ, దాని మీద ఎవరివో ఆరేసిన లుంగీలు. మీ ఖాతాలో అది ఒక రాత్రి, దానికి ముందుది ఒక పగలు.

శనివారం పొద్దున సీప్లేన్ దగ్గర తూకం. మనిషికి ఇరవై కిలోల పెట్టె, ఐదు కిలోల చేతిసంచి. మా ఆవిడ పెట్టె ఇరవై మూడు చూపించింది. మిగిలిన మూడు కిలోలూ ఏమిటో నాకు తెలుసు, చెప్పే ధైర్యం లేదు. లైనంతా చూస్తుండగా పెట్టె విప్పి గొట్టం కాజాల డబ్బా పైకి తీసింది. కిలోకి ఇంత కట్టండన్నారు. "వాళ్లకి డబ్బు కట్టేకంటే వీళ్లకి పెట్టడం నయం" అని లైనులో వాళ్లందరికీ పంచేసింది. కాజా సంగతి తెలియని ఓ తెల్లాయన నిలువునా కొరికాడు. గొట్టంలో పాకం ఎక్కడికి పోతుంది, చొక్కా మీదకే. ఆయన వేళ్లు నాక్కుంటూ ఇంకోటి అడిగాడు. మీ నాలుగు పగళ్లలో మా ఆవిడ మనస్ఫూర్తిగా నవ్విన ఘడియ అదే. అది మీరిచ్చింది కాదు.

సీప్లేన్‌లో పదిహేను మందిమి. చెవుల్లో దూది కుక్కుకున్నట్టు ప్లగ్గులు. పైలట్ కాళ్లకి చెప్పుల్లేవు, ఉత్త పాదాలు. అది చూసి మా ఆవిడ గుళ్లోకి వచ్చినట్టు చెంపలేసుకుంది. కిందికి చూస్తే, అబద్ధమెందుకు, అద్భుతం. పెనం మీద పోసిన పుల్లట్టు అంచుల్లా ఆకుపచ్చ వలయాలు. వాటిని అటోల్స్ అంటారు, ఆ మాట లోకానికి వాళ్ల భాషే ఇచ్చింది. ఆ అందం తనివితీరా చూసే లోపే పల్లెవెలుగు బస్సులా మరో రెండు రిసార్టుల దగ్గర ఆగింది. మమ్మల్ని నడిసముద్రంలో తేలే చెక్కబల్ల మీద దింపింది. అక్కణ్నించి పడవ. దాన్ని ధోనీ అంటారు, మన దోనెకి చుట్టమేమో అనుకున్నా. గట్టున డోళ్లు వాయించి, చల్లటి తువ్వాలిచ్చి, చేతిలో కొబ్బరిబొండం పెట్టారు. మా ఆవిడ పుట్టిల్లు కోనసీమ. బొండాం వంక చూసి, నా వంక చూసింది.

గది చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు.

మీ టైం కూడా ఓ వింత. మాలే గడియారం మనకంటే అరగంట వెనక. రిసార్టు వాళ్లు పగటి వెలుగు కలిసొస్తుందని మాలే కంటే గంట ముందుకి తిప్పుకున్నారు. అంటే మనకంటే అరగంట ముందు. నా చేతి వాచీ మాత్రం కాకినాడ టైంలోనే ఉండిపోయింది. ఆదివారం ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, పదింబావుకి టిఫిన్‌కి వెళితే అక్కడ పదీ ముప్పావు, బల్లలు తుడుస్తున్నారు. గదిలో ఆవకాయ, బ్రెడ్డు.

సోమవారం పొద్దున ఆరింటికి పెట్టెలు తీసుకెళ్లిపోయారు. ఆ రోజునీ మీరు పగలు కిందే రాసుకున్నారు!

ఇప్పుడు పద్దు చూడండి. గుమ్మం దాటింది మొదలు గది చేరేదాకా 43 గంటలు. మళ్లీ గుమ్మం చేరడానికి 25. మొత్తం 68. అక్కడ ఉన్నది 39 గంటలు, అందులో నిద్ర 18. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది, ఎంత ఉదారంగా వేసినా రెండు గంటలు.

ఇట్లు,
మీ వల్ల ఆరు రకాల వాహనాలెక్కిన
ఒక విశ్రాంత ఉద్యోగి

తా.క.: గౌతమిలో వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి, రెండు రాత్రులు మీ లెక్కలో ఎక్కడా లేవు. ఎవరి ఖాతాలో రాయాలో తెలపగలరు. మా ఆవిడకి నడుము నొప్పి లేకుండా నిద్రపట్టింది ఆ రెండు రాత్రులే.