మీ వాళ్లే కదా!

రాత్రి పదకొండున్నర అయింది. ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో హోటల్ గది. బయట సముద్రం హోరు, లోపల మా ఆయన గురక. ఆ రెండింటి మధ్య కూర్చుని ఈ పోస్ట్ రాస్తున్నాను. పెళ్లిరోజుకని రెండ్రోజులు వచ్చారు కదా, హాయిగా పడుకోవచ్చుగా అంటారేమో. పడుకునేదాన్నే. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే.

జరిగింది చాలా చిన్న విషయం. ముందే చెప్తున్నా, చదివాక "ఇంతేనా?" అని మాత్రం అనకండి. ఇవాళ ఒకాయన ఆల్రెడీ అన్నాడు, ఆ ఫలితం అనుభవిస్తాడు.

సాయంత్రం బరంపురంలో ఒక పట్టుచీరల షాపుకి వెళ్లాం. పేరెందుకులెండి. మెట్లెక్కుతుండగానే "రండమ్మా, రండి సార్, కూర్చోండి" అని చక్కటి తెలుగులో పిలుపు. బయట ఆగిన మా ఏపీ నంబర్ కారు ముందే చూసేశారు. నేనూ తెలుగులోనే మాట్లాడాను. ఆకుపచ్చకి మెరూన్ అంచున్న చీర తీయించి ఎంత అని అడిగాను. కుర్రాడు గల్లా దగ్గరున్న పెద్దాయన వైపు చూశాడు. ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండానే ఒడియాలో "ఆంధ్ర పార్టీ, దుయి హజార్ బఢెయి కుహ" అన్నాడు. రెండు వేలు పెంచి చెప్పు అని. కుర్రాడు నా వైపు తిరిగి, దేవుడి మీద ప్రమాణం చేస్తున్నంత ముఖం పెట్టి, "పన్నెండున్నర వేలమ్మా" అన్నాడు.

నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్లోనే. బడిలో చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర పాత పేపర్ల మీద దిద్దుకున్నాను. అమ్మావాళ్లు ఇప్పుడు తమ్ముడి దగ్గర భువనేశ్వర్‌లో ఉంటున్నారు, ఇల్లు అద్దెకిచ్చేశాం. అందుకని పుట్టింటికి హోటల్ బుక్ చేసుకుని వచ్చే భాగ్యం పట్టింది. సరే, "ము బ్రహ్మపుర ఝియ" అన్నాను. నేను ఈ ఊరి ఆడపిల్లనయ్యా అని.

సిగ్గుపడతాడనుకున్నారా? పెద్దాయన పకపకా నవ్వి, "అరే, మా వాళ్లేనా! ముందే చెప్పొచ్చు కదమ్మా" అని చీర ధర పదిన్నర వేలకి దించేశాడు. టీ తెమ్మని కేకేశాడు. నేను ఊరుకుంటానా, మీ వాళ్లమే కదా, అయితే ఒక్క పోగు లాగి కాల్చి చూపించమన్నాను. అసలు పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. కల్తీదైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. మా తాత మగ్గం మీద బతికిన మనిషి, నాకు చిన్నప్పుడే నేర్పాడు. "అది మాత్రం కుదరదమ్మా" అన్నాడు పెద్దాయన. చుట్టరికం రెండు వేల వరకే ఉందన్నమాట. ఒక్క పోగు దాకా కూడా రాలేదు.

చీర అక్కడే వదిలేసి లేచొచ్చాను.

ఇదిగో, నా కోపం దీని మీద కాదు. వ్యాపారం అన్నాక నంబర్ ప్లేటు చూసి ధర చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. విశాఖలో ఆటోవాళ్లు నా యాస విని మీటరు సంగతే మర్చిపోతారు. నాకు మండింది కారెక్కాక. బెల్టు పెట్టుకుంటూ మా ఆయన ఇకిలించి, "ఎంతైనా మీ వాళ్లే కదా!" అన్నాడు.

మీ వాళ్లే కదా!

పదకొండేళ్లయింది పెళ్లయి. పొద్దున్నే సముద్రం ఒడ్డున చేతిలో చెయ్యేసి నడిచిన మనిషి. ఆ పాత రేవు శిథిలాలు చూపిస్తూ, మా ముత్తాత రంగం, అదే రంగూన్, వెళ్లింది ఇక్కణ్ణుంచే, స్టీమరెక్కి, తిరిగొచ్చేటప్పటికి మా తాతకి మీసాలొచ్చేశాయట అని చెప్తే ఊఁ కొట్టాడు కూడా. విన్నాడో, క్రికెట్ స్కోరు చూసుకుంటూ ఊఁ కొట్టాడో ఆ దేవుడికెరుక. అప్పట్లో ఈ వైపు జనం, మా గంజాం వాళ్లూ శ్రీకాకుళం వాళ్లూ, ఒకే ఓడలో ఒకే నూకల జావ తాగుతూ బర్మా వెళ్లారు. ఓడలో ఎవరు ఎవరి వాళ్లో మరి.

ఇంకా ఘోరం వినండి. తారాతారిణి దర్శనం చేసుకుని అక్కణ్ణుంచి జౌగడ వెళ్లాం. (తారాతారిణికి 999 మెట్లు. రోప్‌వే ఉంది కదా అన్నాడు. మొక్కు నాది కాబట్టి మెట్లెక్కింది నేను. పైన నాకంటే ముందు చేరి చల్లటి కూల్‌డ్రింక్‌తో ఎదురొచ్చింది ఆయన. సరే, ఇది వేరే కేసు.) జౌగడలో అశోకుడి శాసనం ఉంది, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున. రెండు వేల ఏళ్లు దాటిన రాయి. అందులో ఆ చక్రవర్తి, మనుషులందరూ నా బిడ్డలే అని చెక్కించాడు. నేను అది చెప్తుంటే ఈయన రాయి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని "అందరూ నా బిడ్డలే" అని స్టేటస్ పెట్టాడు. పెట్టి ఆరు గంటలు తిరక్కుండా "మీ వాళ్లే కదా!"

అశోకుడి సంగతి ఇంకోటుంది. కళింగ యుద్ధం గురించి, చచ్చిపోయిన లక్ష మంది గురించి, తన పశ్చాత్తాపం గురించి దేశమంతా చెక్కించాడా, ఆ శాసనం మాత్రం ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. ఓడిన వాళ్ల ఊళ్లోనే ఆ పుండు కెలకడం దేనికనుకున్నాడో ఏమో, వదిలేశాడు. అంత పెద్ద చక్రవర్తికి ఆ పాటి మర్యాద తెలిసింది. మా అత్తింటివాళ్లు మాత్రం పదకొండేళ్ల నాటి సంగతిని ప్రతి సంక్రాంతికీ నా ముఖం మీదే చెక్కుతారు.

ఏ సంగతంటారా? చీర సంగతే. అసలు ఇదంతా ఆ చీర గురించే.

నా పెళ్లికి మా నాన్న మూడు నెలల ముందే చెప్పి పీటల మీదకి చీర, పెళ్లికొడుక్కి జోడా నేయించాడు. జోడా అంటే పట్టుపంచె, కండువా. బరంపురం పట్టు తెలిసినవాళ్లకి అంచే చెప్తుంది. అంచులోంచి చీర మీదకి గుడి గోపురాల్లా పొడుచుకొచ్చే కుంభాలుంటాయి. ఫోడా కుంభ అంటారు. ఆ పేరుతోనే చీరకీ జోడాకీ కలిపి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సొంత సరుకు అనే ముద్ర, కూడా ఉంది. మా నాన్న వాటిని తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్తే, మా ఆడపడుచు రెండు వేళ్లతో కొస పట్టుకుని చూసి, "బాగానే ఉంది బాబాయ్‌గారూ, కానీ మా ఇంట్లో పీటల మీద కంచి పట్టే ఆనవాయితీ. ఒడియావాళ్ల చీర అంటే ఫొటోల్లో బాగోదు" అంది. నాన్న ఏమీ అనలేదు. మళ్లీ చుట్టి తెచ్చేశాడు. ఆ జోడా ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో నాఫ్తలిన్ ఉండల మధ్య పడుంది, మడత కూడా విప్పలేదు.

ఆనవాయితీ అట! మా అత్తగారి పెళ్లి ఫొటో నేను చూశాను, పాత ఆల్బమ్‌లో. నలుపు తెలుపు ఫొటోనే. అయినా ఆ అంచు నాకు తెలీదా? కుంభాలు లెక్కపెట్టి చెప్పమంటే చెప్తా. ఎందుకంటే వాళ్లది ఇచ్ఛాపురం. బరంపురానికి ఓ పాతిక కిలోమీటర్లు. అప్పట్లో వాళ్ల పెళ్లిబట్టలూ, బంగారం, మందులూ మాకులూ అన్నీ బరంపురం నుంచే. విశాఖలో ఫ్లాట్ కొన్నాక వీళ్లకి కంచి ఆనవాయితీ పుట్టుకొచ్చింది.

పైగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇచ్ఛాపురం ఏ జిల్లా అనుకున్నారు? గంజాం. మా గంజాం. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరం ఒకే జిల్లా జనం. శ్రీకాకుళం జిల్లా అని ఒకటి వచ్చింది 1950లో. గీత ఎవరో గీశారు, వీళ్లు ఆ పక్క పడ్డారు, మేం ఈ పక్క పడ్డాం. అంతే తేడా. అదేదో పరీక్ష రాసి పాసై ఆంధ్రాలో ఉన్నట్టు మాట్లాడతారు. వి.వి. గిరిగారు 1894లో పుట్టింది బరంపురంలోనే. దేశానికి రాష్ట్రపతిని ఇచ్చిన ఊరు నుంచి ఒక చీరని ఇస్తే పనికిరాలేదు!

ఇక నా తెలుగు. వడియాలని బొడి అన్నానని ఒక పండగంతా నవ్వారు. కొత్త కోడలు బొడి వేయిస్తుందట, బొడి తింటారా, బొడి అయిపోయిందా. ఆగస్టు 29 వస్తే మాత్రం మా ఆడపడుచు తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు అని పూలబొమ్మ ఫార్వర్డ్ చేస్తుంది. వదినా, ఆ రోజు పుట్టిన గిడుగు రామమూర్తిగారు ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పింది మా వైపు పర్లాకిమిడిలో. జనం నోట్లో ఉన్న తెలుగే రాయాలి అని పండితులతో కొట్లాడింది అక్కడ ఉండగానే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసిందని బాధపడి రాజమండ్రి వెళ్లిపోయాడాయన. మేం వెళ్లలేదు. ఉండిపోయాం. ఒడియా నేర్చుకుని, ఇంట్లో తెలుగు వదలకుండా ఉండిపోయాం. దానికి ఇదా మాకు దక్కే మర్యాద? అక్కడ "ఆంధ్ర పార్టీ", ఇక్కడ "ఒడియా పిల్ల". ఏ గుమ్మంలో నిలబడినా రెండు వేలు ఎక్కువే పడుతోంది.

అయ్యో, భోజనం గురించి చెప్పలేదు కదూ. అసలు కుంపటి రాజుకుంది అక్కడే.

రాత్రి ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. మెనూ కార్డు మీద బంగారు అక్షరాలతో "పఖాళ థాళి". ధర 380 రూపాయలు. వెయిటర్ కుర్రాడు నాకు హిందీలో వివరించాడు, మేడమ్ ఇది మా సంప్రదాయ వంటకం, అన్నం నీళ్లలో నానబెడతాం అని. నాకు! మా ఆయన కళ్లు మెరిశాయి. "అదే తెప్పిద్దాం, లోకల్ ఫుడ్ ట్రై చేయాలి" అన్నాడు. వచ్చింది. మట్టి మూకుట్లో పెరుగు కలిపిన సద్దన్నం, పక్కన నలిపిన వడియాలు, ఆకుకూర, వేయించిన చేప, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఫొటో తీశాడు. పైనుంచొకటి, పక్కనుంచొకటి. మూకుడు ఎత్తి నీళ్లు కూడా తాగేసి, "అబ్బా, ఏం చల్లగా ఉందోయ్" అన్నాడు.

పెళ్లైన మొదటి వేసవి. మే నెల. ఎండలో పడి వచ్చాడని, కడుపు చల్లగా ఉంటుందని మా అమ్మ ఇదే సద్దన్నం, ఇదే వడియాల పొడి, వేయించిన చేప, ఇంతకంటే రుచిగా, కంచు గిన్నెలో పెట్టింది. రెండు ముద్దలు కెలికి లేచాడు. వాళ్లింటికి వెళ్లాక ఏం చెప్పాడో ఏమో, "అల్లుడికి సద్దన్నం పెట్టారట" అని మా అత్తగారు నాలుగేళ్లు చెప్పుకుంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ. మా అమ్మ చెవికి చేరేదాకా చెప్పుకుంది. ఆ తర్వాత అమ్మ ఆయనకి ఎప్పుడూ బిర్యానీయే తెప్పించింది, బయట్నుంచి. తనకి వండటం రానట్టు.

ఆ మూకుడు చూస్తూ నేను ఇదంతా అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, పక్క టేబుల్ వాళ్లు చూశారు. మా ఆయన చేప ముల్లు తీసుకుంటూ, "ఇంతేనా? దీనికేనా సాయంత్రం నుంచి మూతి ముడిచావు?" అన్నాడు. బిల్లు నేనే కట్టాను, మాటామంతీ లేకుండా. మా వాళ్ల వంట కదా, నేనే కట్టుకోవాలి.

చీర ఏమైందని అడుగుతారు, తెలుసు నాకు. షాపులోంచి లేచొచ్చాక ఊరుకోలేదు. మా తాతావాళ్ల పాత వీధికి కారు పోనిమ్మన్నాను. ఆ సందులో కారు పట్టదు, ఆయన చివరే ఉండిపోయాడు, స్కోరు చూసుకుంటూ. ఇంటి అరుగుల మీద తెలుగు బాగానే వినిపించింది. మగ్గం చప్పుడే, చిన్నప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉండేది, ఇవాళ రెండిళ్లలో విన్నాను. అమ్మమ్మకి తెలిసిన ఒక ముసలాయన నన్ను పోల్చుకుని, నీ ముక్కు మీ తాతదే అని, లోపల్నుంచి చీర తెచ్చి ముందు అంచు తిరగేసి చూపించాడు, నేను అడగకుండానే. తొమ్మిది వేలు. బేరం ఆడలేదు. ఆడబుద్ధి కాలేదు.

హోటల్‌కి వచ్చాక ఆ చీర మంచం మీద పరిచి ఫొటో పెట్టాను. పది నిమిషాల్లో మెసేజ్. ఎవరు? మా ఆడపడుచు. "చీర ఎంత బాగుందే! ఇప్పుడు హ్యాండ్లూమే ట్రెండు. నాకూ ఒకటి తీసుకురావా? ఎంతో చెప్పు, ఫోన్‌పే చేస్తా."

చెప్పాను. పదకొండు వేలు వదినా అని.