‘కమురు వాసన వస్తే ఇంకాస్త దూది కుక్కండి’: ఈ సలహాతోనే అసలు తంటా

ఈ-సిగరెట్‌లో కాయిల్ (లిక్విడ్‌ని వేడి చేసి ఆవిరి చేసే తీగచుట్ట) సొంతంగా చుట్టుకుని, దానికి లిక్విడ్ అందించే దూదిని కూడా తామే పెట్టుకునే రిబిల్డబుల్ ట్యాంకులు వాడేవాళ్ల మధ్య ఒక సలహా చాన్నాళ్లుగా తిరుగుతోంది. స్క్రీన్‌షాట్ రూపంలో నాకే నాలుగైదు సార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ‘ట్యాంక్ కారినా, కమురు వాసన కొట్టినా కారణం ఒకటే, దూది చాలలేదు. ఇంకాస్త కుక్కండి. ఓమ్స్ ఎంత తగ్గిస్తే రుచి అంత పెరుగుతుంది. కాయిల్ ఎర్రబడితే పనైపోయినట్టే. మిగతాది డివైస్ చూసుకుంటుంది. ఒకటి రెండు సార్లు మాడినా ఫరవాలేదు, లోపలికి పోయేది నీటి ఆవిరేగా.’

ఈ ఐదింటిలో కాస్తో కూస్తో నిజం ఉన్నది మొదటిదాంట్లోనే. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేదీ అదే.

‘దూది చాలలేదు, ఇంకాస్త కుక్కండి’

దూది తక్కువైతే ట్యాంక్ కారుతుంది, కాదనను. కమురు వాసన సంగతి మాత్రం చాలాసార్లు పూర్తిగా ఉల్టా.

ట్యాంక్ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. పైమూత బిగించి ఉంటుంది. గాజు లోపలి లిక్విడ్ కిందికి దిగాలంటే అది ఖాళీ చేసిన చోటికి గాలి రావాలి. ఆ గాలి వచ్చేది కూడా దూది తోకలు (కాయిల్‌కి రెండు పక్కలా వేలాడే దూది చివర్లు) కూర్చున్న దారిలోంచే. అంటే ఒకే సందులో లిక్విడ్ దిగాలి, గాలి ఎక్కాలి. ఆ సందును దూదితో బిగించేస్తే గాలి పైకి రాదు, గాలి రాకపోతే లిక్విడ్ దిగదు. ట్యాంక్ నిండా లిక్విడ్ ఉన్నా కాయిల్ దగ్గర కరువే. దీపం వత్తి అయినా అంతే: లావుగా ఉంటే నూనె ఎక్కువ పీలుస్తుందని కాదు, గొట్టంలో మరీ బిగిసిపోతే మంట దగ్గర మాడిపోతుంది. గ్లిజరిన్ వంతు ఎక్కువున్న లిక్విడ్‌తో ఈ బాధ ఇంకా ఎక్కువ, అది చిక్కగా ఉండి నెమ్మదిగా నడుస్తుంది.

మొదట్లో నేనూ ఆ సలహానే పాటించాను. కమురు వాసన వచ్చిన ప్రతిసారీ విప్పి, ఇంకో పాయ దూర్చి, మళ్లీ బిగించేవాణ్ణి. మూడోసారి విసుగొచ్చి దూది మొత్తం బయటికి లాగి చూశాను. తోకలు తెల్లగా, లిక్విడ్‌తో తడిసి ముద్దగా ఉన్నాయి. కాయిల్ లోపల ఉన్న సెంటీమీటరు ముక్క మాత్రం ఎండి, నడిమధ్యన నల్లగా మాడిపోయి ఉంది. లిక్విడ్‌కి కొదవ లేదు, అది నడిచే దారే లేదు.

కొలత కళ్లతో కాదు, వేళ్లతో తెలుస్తుంది. కాయిల్లోంచి దూదిని లాగుతుంటే కొంచెం పట్టినట్టు ఉండాలి. దూదితోపాటు కాయిల్ కూడా వంగి వస్తుంటే ఎక్కువైంది, సర్రున జారిపోతే తక్కువైంది. తోకల దగ్గర లెక్క వేరు: చివర్లను కత్తిరించాక సూదితోనో ట్వీజర్ కొసతోనో దువ్వి, వదులు పోగులు తీసేసి పలచన చేయాలి. అవి లిక్విడ్ దారి నోటి మీద మూతలా ఆనితే చాలు, లోపలికి దిగ్గొట్టకూడదు. తర్వాత లిక్విడ్‌తో తడిపి ఒకసారి సర్దితే వాటంతట అవే ఒదుగుతాయి. సరిగ్గా కుదిరిందా లేదా అన్నది గాజులోనే కనిపిస్తుంది. నాలుగైదు దమ్ముల్లో అడుగు నుంచి చిన్న బుడగలు పైకి లేవాలి. బుడగ ఒక్కటీ లేవకుండా రుచి పలచబడుతుంటే, తర్వాతి దమ్ము కమురే.

ఇక కారడం గురించి ఒక్క మాట. దూది మీద నేరం మోపే ముందు నింపే పద్ధతి చూసుకోండి. పైమూత విప్పగానే లిక్విడ్‌ని పట్టి ఉంచే లోపలి పీడనం తేడా పోతుంది. గాలి రంధ్రాలు తెరిచి ఉంచి నింపితే ఎంత బాగా దూది పెట్టినా కారుతుంది. రంధ్రాలు మూసి, నింపి, మూత బిగించి, ఆ తర్వాతే తెరవాలి. చిట్లిన రబ్బరు రింగు ఉన్నా ఇదే గతి.

‘ఓమ్స్ ఎంత తగ్గిస్తే రుచి అంత’

ఓమ్స్ అంటే కాయిల్ విద్యుత్ నిరోధం. ఇక్కడ లెక్క వేయక తప్పదు. 26 గేజ్ కాంథాల్ (కాయిళ్లకు వాడే మిశ్రమలోహం) తీగ మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. దాన్ని 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద 6 చుట్లు చుడితే కాళ్లతో (స్క్రూల దాకా వెళ్లే తీగ కొసలతో) కలిపి దాదాపు 0.8 ఓమ్స్ వస్తుంది. అలాంటివి రెండు పక్కపక్కన బిగిస్తే 0.4. అదే తీగను 3 చుట్లే చుట్టి ఒక్క కాయిల్ పెట్టినా 0.45 దగ్గర చూపిస్తుంది. మీటరు మీద రెండూ ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు రెండింటికీ 40 వాట్లు ఇవ్వండి. జంట కాయిళ్లలో చుట్ల ఉపరితలం 160 చదరపు మిల్లీమీటర్ల పైమాటే, కాబట్టి చదరపు మిల్లీమీటరుకు పావు వాట్. మూడు చుట్ల కాయిల్‌కి 40 చదరపు మిల్లీమీటర్లే, చదరపు మిల్లీమీటరుకు ఒక వాట్. నాలుగింతల వేడి! ఒకటి నిదానంగా ఆవిరి ఇస్తుంది, రెండోది దూదిని కాల్చేస్తుంది. రుచి తేల్చేది ఓమ్ అంకె కాదు. ఎంత ఉపరితలానికి ఎన్ని వాట్లు పడుతున్నాయి, అంత వేగంగా దూది లిక్విడ్ అందిస్తోందా, గాలి సరిగ్గా కాయిల్‌కే తగులుతోందా అన్నవి తేలుస్తాయి.

‘కాయిల్ ఎర్రబడితే పనైపోయినట్టే’

ఎర్రబడటం కాదు, ఎక్కడి నుంచి ఎర్రబడుతోందో చూడాలి. దూది పెట్టకముందు, తక్కువ వాట్లలో చిన్న చిన్న నొక్కులతో వెలిగిస్తే ఎరుపు నడుమ నుంచి రెండు పక్కలకీ సమంగా పాకాలి. ఒక చుట్టు మాత్రమే ముందుగా మెరిస్తే అది హాట్‌స్పాట్, దూది అక్కడే మాడుతుంది. సిరామిక్ ట్వీజర్‌తో చుట్లను మెల్లగా గీకి, నొక్కి సర్దాలి. బటన్ నొక్కి ఉండగా లోహపు ట్వీజర్ తగిలిస్తే షార్ట్. రెండు మూడు సార్లు వేడయ్యాక స్క్రూలు మళ్లీ బిగించండి, తీగ కాస్త వదులవుతుంది. కాళ్ల కొసలు నున్నగా కత్తిరించండి. పైగొట్టానికి తగిలే ఒక్క కొస చాలు, ఓమ్ అంకె గెంతులేయడానికి.

టైటానియం, నికెల్ తీగలను మాత్రం ఎర్రగా కాల్చనే కూడదు. సలహా రాసినాయన ఈ ముక్క వదిలేశారు.

‘మిగతాది డివైస్ చూసుకుంటుంది’

లోపల సర్క్యూట్ బోర్డు ఉన్న డివైస్ షార్ట్ అయితే ఆపుతుంది, అంతవరకే. దూది ఎండిపోయిందని మామూలు వాటేజ్ మోడ్‌లో దానికి తెలియదు. లోపలి బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు తట్టుకోగలదో కూడా తెలియదు. ఒకే బ్యాటరీ ఉన్న డివైస్‌ని 80 వాట్లలో పెట్టారనుకోండి. ఛార్జ్ దిగి బ్యాటరీ 3.2 వోల్టుల దగ్గరున్నప్పుడు దాని నుంచి లాగేది 25 ఆంపియర్లు, బోర్డు నష్టం దానికి అదనం. కాయిల్ 0.2 అయినా 0.8 అయినా ఈ లెక్క మారదు. 20 ఆంపియర్ల బ్యాటరీకి అది మించిన బరువు. బోర్డే లేకుండా బ్యాటరీని నేరుగా కాయిల్‌కి కలిపే మెకానికల్ మాడ్ అనే డివైస్‌లో అయితే ఓమే అంతా: నిండా ఛార్జయిన 4.2 వోల్టుల మీద 0.2 ఓమ్ కాయిల్ 21 ఆంపియర్లు లాగుతుంది. అక్కడ ‘చూసుకునే’ నాథుడు లేడు. బ్యాటరీ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంటే ఆ బ్యాటరీని ఇందులోనే కాదు, ఎందులోనూ పెట్టకండి.

‘నీటి ఆవిరేగా’

కాదు. అది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌ల సన్నటి తుంపర. అందులో ఫ్లేవర్ రసాయనాలు ఉంటాయి, చాలా లిక్విడ్లలో నికోటిన్ కూడా. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. లిక్విడ్ తడి ఉన్నంతసేపు కాయిల్ వేడి ఆ మేరకు అదుపులో ఉంటుంది, తడి ఆరితే పగ్గం తెగినట్టే. అప్పుడు ఇవి విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి విషపదార్థాలు పుడతాయి. 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక పరిశోధక లేఖలో 3.3 వోల్టుల దగ్గర కనబడని ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు 5 వోల్టుల దగ్గర కనబడ్డాయి. అంత మాడిన దమ్మును మనిషెవరూ పీల్చలేరని విమర్శకులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సబబే అనుకున్నా ‘ఒకటి రెండు సార్లు ఫరవాలేదు’ అన్న మాటకు అది దన్ను కాదు. మాడిన దమ్ము వేరు సంగతి అని పరిశోధకులూ విమర్శకులూ ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టేగా.

ఒకసారి మాడిన దూది మళ్లీ తడిపినా ఆ కమురు వదలదు. తీసి పారేసి, కాయిల్‌ని వట్టిగా వెలిగించి శుభ్రం చేసి, కొత్త పాయ పెట్టుకోండి. పాత పాయ కంటే కాస్త సన్నగా.