కస్టమర్ మళ్లీ రావాలంటే రేటు తగ్గిస్తే చాలదు

నెల్లూరు, ఒంగోలు పిల్లలకు డిగ్రీ అయ్యాక హైదరాబాద్ బస్సో, బెంగళూరు బస్సో ఎక్కడం అలవాటైన దారి. ఇంట్లోనే కూర్చుని విదేశీ కస్టమర్లకు లోగోలు, వెబ్‌సైట్లు, వీడియో ఎడిటింగ్ చేసిపెట్టి సంపాదించాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. మంచి ఆలోచనే. కానీ చాలామంది మొదలుపెట్టే తీరు చూస్తే బాధేస్తుంది. ఇలాంటి పనులు దొరికే అప్‌వర్క్, ఫైవర్ లాంటి వెబ్‌సైట్లలో ప్రొఫైల్ పెడతారు, పని దొరక్కపోతే రేటు తగ్గించుకుంటూ పోతారు.

ఫైవర్ కమిషన్ 20 శాతం. పది డాలర్లకు ఒప్పుకున్న లోగోకు మిగిలేది ఎనిమిది. డబ్బు బ్యాంకులో పడేలోపు మారకం ఖర్చులు వేరే. పైగా చౌక అని వచ్చిన కస్టమర్, ఇంకా చౌకగా చేసేవాడు కనిపిస్తే అటే వెళ్తాడు.

మొదటి పనులు మన జిల్లాల్లోనే వెతుక్కోవాలంటాను. చీమకుర్తి గ్రానైట్ దేశదేశాలకు వెళ్తోంది. ఆ నల్లరాయిలోని బంగారు చుక్కలు సరిగ్గా కనిపించే ఫొటోలు, తప్పుల్లేని ఇంగ్లిష్ క్యాటలాగ్ ఎగుమతిదారుకు అవసరమే. తీరంలో రొయ్యల మేత అమ్మే షాపులకు, రైతులకు వాట్సాప్‌లో పంపే చిన్న వీడియోలు పనికొస్తాయి. అలాంటివి రెండు మూడు చేసి, యజమాని అనుమతితో ప్రొఫైల్‌లో పెడితే, కోర్సు సర్టిఫికెట్ల కంటే అవే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

పని చేతికొచ్చాక అవతలివాళ్ల టెన్షన్ మనం అర్థం చేసుకోవాలి. వాళ్లకు మన ముఖం తెలియదు, పని నడుస్తోందో లేదో తెలియదు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ వేళకు ‘ఇంతవరకు అయింది, రేపు ఇది చేస్తాను’ అని నాలుగు లైన్లు పంపితే, వాళ్లు ఆఫీసులో కూర్చోగానే చూసుకుంటారు.

మన ప్రాంతానికి తుపాన్ల బెడద కూడా ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎప్పుడు కరెంటు పోతుందో, ఎప్పుడు నెట్ ఆగుతుందో చెప్పలేం. 2021 నవంబర్‌లో పెన్నా వరద, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను మనం చూసినవే. టెక్సాస్‌లో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు. గడువు దాటాక తుపాను అని చెబితే సాకులా వినిపిస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే చెప్పి, అయినంతవరకు ఫైళ్లు పంపేస్తే, అదే కస్టమర్ గడువు పొడిగించి మరీ జాగ్రత్తగా ఉండమంటాడు. ఆ నెలల్లో పని ఒప్పుకునేటప్పుడే రెండు రోజులు ఎక్కువ అడగడం ఇంకా మంచిది.

ఇంకో కష్టం, మనకు కాదనడం రాదు. ఏదడిగినా ‘సరే సార్’ అనేసి, తర్వాత ఫోన్ ఎత్తడానికి భయపడతాం. ఎన్నిసార్లు మార్పులు చేస్తామో, ఆపైన ఎంత తీసుకుంటామో మొదటిరోజే రాసి ఇస్తే ఈ బాధ ఉండదు. అలా రాసినందుకు మంచి కస్టమర్ ఎవరూ నొచ్చుకోరు.

పని నచ్చినవాళ్లలో కొందరు, కమిషన్ మిగులుతుంది, డబ్బు నేరుగా పంపుతామంటారు. ఒప్పుకోవద్దు. అప్‌వర్క్‌లో పరిచయమైన కస్టమర్‌తో రెండేళ్లపాటు లావాదేవీలన్నీ అక్కడే జరగాలన్నది దాని నిబంధన. ముందే బయటికి రావాలంటే అందుకు ఫీజు కట్టాలి. అది తప్పించుకోబోతే ఖాతా మూతపడుతుంది, కష్టపడి తెచ్చుకున్న రివ్యూలన్నీ దాంతోపాటే పోతాయి.