మూడు దెబ్బలు, ఒక ఖాళీ

కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రుల్ని ప్రభల మీద, అంటే అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, భుజాన మోసుకొచ్చి తోటలో దింపుతారు. అక్కడ డప్పుల మీద ఒక ప్రయోగం వాయించొచ్చా, లేదా? వాయిద్దామనేది నాట్యం టీచరు, వద్దనేది డప్పు మాస్టారు.

టీచరు: చిన్న ముక్కేనండి మాస్టారూ. అమెరికాలో స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో ఉత్త చప్పట్లకి రాసిన ‘క్లాపింగ్ మ్యూజిక్’. 12 మాత్రలు. మూడు దెబ్బలు, ఖాళీ, రెండు, ఖాళీ, ఒకటి, ఖాళీ, రెండు, ఖాళీ. ఒకరు చివరిదాకా ఇదే వాయిస్తారు. ఈ వరస ఒక చుట్టు వాయిస్తే ఒక ఆవృతం. రెండో ఆయన 12 ఆవృతాలకోసారి ఒక్క మాత్ర ముందుకి జరుగుతాడు. 12 సార్లు జరిగితే మళ్లీ ఇద్దరూ కలుస్తారు.

మాస్టారు: బానే ఉంది. ఎక్కడ, ప్రభ ముందా?

టీచరు: జనం ఉండేది అక్కడేగదండీ.

మాస్టారు: బరువుండేదీ అక్కడేనమ్మా. గంగలకుర్రు అగ్రహారం ప్రభ ఎగువ కౌశిక కాలవలోకి దిగాక మోసేవాళ్లకి కాళ్లు కనపడవు. అడుగు చెవితో వెయ్యాల్సిందే. మీ వరసలో చెవికి తగిలేవి ఆ మూడు దెబ్బలు. వాటిలో మొదటిదే ఎత్తుగడ అనుకుంటాడు ఎవడైనా. రెండో డప్పు జరిగిందంటే కుడి భుజాలు ఒక డప్పు పట్టుకుంటాయి, ఎడమ భుజాలు ఇంకోటి. ప్రభ ఒరుగుద్ది.

టీచరు: రైష్ దానికీ చెప్పాడండి. దెబ్బలు జరిగినా, రెండో ఆయన ఎత్తుగడ ఆవృతం మొదట్లోనే ఉంచుకోవాలి. మడమ తాళం కదలదు, చెయ్యే జరుగుతుంది.

మాస్టారు: అది వాయించేవాడికి. మోసేవాడికెవరు చెప్తారు?

టీచరు: సరే, పదకొండు రుద్రులూ తోటలో దిగాకే వాయిద్దాం.

మాస్టారు: అప్పుడు తోలు సంగతి చూడాలి. కాలవగట్టు, పొద్దువాలితే మంచు. ఎండుగడ్డి మంట మీద కాచిన తోలు చెమ్మకి మెత్తబడిపోతుంది. ఒక డప్పు మంటకి దగ్గరగా, ఒకటి ఎడంగా కాచారనుకోండి, శ్రుతులు విడిపోతాయి. మీరనే అల్లిక వినపడదు, ఇద్దరు పోట్లాడుకుంటున్నట్టుంటది. ఒకే సైజు చట్రాలు, ఒకే మంట, ఒకేసారి కాచాలి. ఇంకోటి, ఎడమచేతి సిటికెన పుల్ల ఊరుకోదు. ఖాళీ దొరికితే చిటచిటా నింపేస్తది, దాని అలవాటే అది. ఉన్న నాలుగు ఖాళీలూ పూడిపోతే మీ ముక్కలో ఏం మిగిలింది? కుడిచేతి చిర్రపుల్ల ఒక్కటే వాడాలి.

టీచరు: గజ్జెలకీ అదే రోగమండి, మోత ఖాళీలోకి సాగుతుంది. అందుకే పిల్లల చేత గజ్జెలు విప్పించి, చెక్కబల్ల మీద ఉత్త అరికాళ్లతో తట్టిస్తున్నాం.

మాస్టారు: కూచిపూడి పిల్లల గజ్జెలు విప్పించారా! పెద్దలూరుకున్నారా?

టీచరు: సంప్రదాయం అన్నారు. బల్లిపాడు మదనగోపాలస్వామి గుళ్లో సారిదే మాణిక్యమ్మగారు ఆడిన ఆట 1947 దేవదాసీ నిషేధ చట్టంతో గుడి దాటింది. అలాంటి కళావంతుల, అంటే గుడి నర్తకీమణుల, నాట్యాన్నే తర్వాత నర్తకి స్వప్నసుందరి విలాసినీ నాట్యంగా వేదికెక్కించారు. చోటు మారడం నాట్యానికి కొత్తా అని పెద్దల్ని అడిగాను.

మాస్టారు: నా పేచీ అక్కడే. గుళ్లో ఆడినంతకాలం ఒక మాట, వేదికెక్కాక ఇంకో మాట. డప్పూ అంతే. శవం ముందు మూడు గంటలు కొడితే కూలి, మీ బల్ల పక్కన అయిదు నిమిషాలు కొడితే ప్రయోగం. కరపత్రంలో రైష్ పేరుంటది, మీ పేరుంటది. డప్పులోళ్ల పేర్లుంటాయా?

టీచరు: ఉంటాయండి.

మాస్టారు: మీ పేరంత అక్షరాల్లో?

టీచరు: ...అంత అక్షరాల్లోనే.

మాస్టారు: డబ్బు?

టీచరు: ఆటకెంతో డప్పుకీ అంతే.

మాస్టారు: అయితే తోటలోనే, ప్రభలు దిగాకే. కానీ 12 ఆవృతాలు తీర్థం జనానికి ఎక్కువమ్మా, జీళ్ల కొట్టుకి పోతారు. నాలుగు చాలు.

టీచరు: నాలుగైతే చెవి కుదురుకునేలోపే జరిగిపోతుందండి. ఎనిమిది.

మాస్టారు: ఎనిమిదైతే ఎండుగడ్డి మీరే తెప్పించండి. నడిమధ్యలో కాచడానికి లేస్తే ముక్క తెగిపోద్ది.